ఆటకు ప్రాణం నియమం

పాఠ్యభాగ ఉద్దేశం

ఆటలు కేవలం కాలక్షేపానికి పుట్టినవి కావు. ప్రతి ఆట వెనుక ఒక ఆలోచన, ఆ ఆలోచనను నడిపించే నియమం ఉంటాయి. కంప్యూటర్, సెల్‌ఫోన్ తెరల మీద ఆడే ఆటలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తెలుగువారి సంప్రదాయ క్రీడలను, జగ్గయ్యపేట బౌద్ధ శిల్పాన్ని, విదేశాల్లో విద్యార్థులు రూపొందించిన ఆటలను ఆధారంగా చేసుకొని ఆటల రూపకల్పన అనే కళను విద్యార్థులకు పరిచయం చేయడం, ఆడేవారి పట్ల రూపకర్తకు ఉండవలసిన బాధ్యతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మాటలు నేర్వని పసిబిడ్డ కూడా ఆడుతుంది. ఆట మానవునికి పుట్టుకతో అబ్బిన విద్య. తెలుగు పల్లెల్లో ఒకనాటి వేసవి మధ్యాహ్నాలను తలచుకుంటే అరుగుల మీద సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మా గళ్లు, చింతగింజలు నింపిన వామనగుంటల పీటలు, గోడకు ఆనించి పెట్టిన వైకుంఠపాళి పటాలు కన్నుల ముందు కదలాడుతాయి. నేటి పిల్లల చేతుల్లో ఆ పీటలకు బదులు సెల్‌ఫోన్లు ఉన్నాయి. పరికరం మారినది గాని ఆడాలనే కోరిక మారలేదు. అయితే ఆడేవారిలో చాలామందికి తట్టని ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ ఆటను ఎవరు తయారు చేశారు? ఇందులోని నియమాలను ఎవరు, ఎందుకు నిర్ణయించారు?

కావ్యానికి కవి ఉన్నట్లు ఆటకూ రూపకర్త ఉంటాడు. కవి చెప్పదలచినదాన్ని శబ్దం ద్వారా చెబుతాడు. చిత్రకారుడు రేఖల ద్వారా చెబుతాడు. ఆటను రూపొందించేవాడు మాత్రం నియమం ద్వారా చెబుతాడు. ఈ తేడాను గ్రహించడానికి దూరం పోనక్కరలేదు. మన పులి-మేక ఆటనే తీసుకుందాం. అందులో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటి దూకి దాన్ని చంపగలదు. మేక పులిని చంపలేదు. చూడగానే ఇది అన్యాయమైన పోరుగా తోస్తుంది. కాని మేకలు ఒకదాని వెనుక ఒకటి ఆసరాగా నిలిచి, ఖాళీ చోటు లేకుండా చేస్తే పులి కదలలేక బందీ అయిపోతుంది. బలహీనులు ఒక్కటైతే బలవంతుణ్ణి నిలువరించగలరనే నీతి ఈ ఆటలో ఉన్నది. ఆ నీతిని ఎవరూ పటం మీద రాయలేదు. ఆడినవారు దాన్ని తమ చేతులతోనే తెలుసుకుంటారు.

వైకుంఠపాళి కథ మరింత ఆలోచింపజేస్తుంది. పరమపద సోపాన పటమని దీనికి మరొక పేరు. సద్గుణాలు నిచ్చెనలై పైకి చేరుస్తాయి. దుర్గుణాలు పాములై కిందికి దించుతాయి. పరమపదానికి చేరువలో ఉన్న పెద్దపాము నోట పడినవాడు ఎంత పైకి ఎక్కినా అట్టడుగుకు జారవలసిందే. ఎంతటివాడైనా చివరి అడుగు వరకు ఏమరుపాటు కూడదని దీని భావం. ఇదే ఆట 19వ శతాబ్దం చివరి దశకంలో ఇంగ్లండు బజారుకు చేరింది. అక్కడ మొదట కొంతకాలం గుణదోషాల బొమ్మలతో నడిచి, క్రమంగా వట్టి పాములు, నిచ్చెనలుగా మిగిలింది. మన పచ్చీసు నుండి పుట్టిన లూడోకు 1896లో ఇంగ్లండులోనే పేటెంటు లభించింది. ఈనాడు మన పిల్లలు ఆ రెండింటినీ పరాయి పేర్లతో సెల్‌ఫోన్‌లో ఆడుతున్నారు. ఇంటి నుండి వెళ్లిన బిడ్డ పేరు మార్చుకొని తిరిగి వచ్చినట్లున్నది ఈ వైనం.

ఆటలోని నియమం మనిషి బ్రతుకును ఎట్లా శాసించగలదో మన ఇతిహాసాలు హెచ్చరించాయి. మహాభారతం సభాపర్వంలోని జూదఘట్టం అందుకు నిదర్శనం. పిలిస్తే జూదానికి వెళ్లక తప్పదని ధర్మరాజు తనకు తానే ఒక నియమం విధించుకున్నాడు. ఓడినకొద్దీ మరొక పణం ఒడ్డడం తప్ప, ఆటను మధ్యలో విరమించే మార్గాన్ని అతడు చూసుకోలేదు. రాజ్యం, తమ్ముళ్లు, తాను, చివరకు ద్రౌపది ఒక్కొక్కరుగా పణమయ్యారు. కృష్ణానదికి ఆవలి ఒడ్డున ఉన్న పల్నాటి సీమలోనూ ఇటువంటి కథే వినిపిస్తుంది. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల నడుమ జరిగిన కోడిపందెంలో ఓడినవారికి ఏడేండ్ల వలస విధించబడింది. ఆ పందెం చివరకు కార్యమపూడి రణానికి దారితీసింది. ఆట చిన్నదే. దానికి ముడిపెట్టిన పణమే పెద్దది.

ఇక ఉత్తర కృష్ణా మెట్టప్రాంతానికి వద్దాం. నందిగామ, జగ్గయ్యపేటలు విజయవాడ నుండి హైదరాబాదుకు పోయే జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న పట్టణాలు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఆ రహదారికి చేరువలోనే కొండపల్లి ఉన్నది. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, అతికి, రంగులద్ది దశావతారాలను, అంబారీ ఏనుగును, పల్లె బ్రతుకును బొమ్మలుగా మలచిన కళాకారుల ఊరది. జగ్గయ్యపేటను వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట నిర్మించాడు. అంతకుముందు ఆ చోటు బేతవోలు. దానికీ ఎంతో ముందు, క్రీస్తుకు పూర్వమే, అక్కడి ధనంబోడు మీద ఒక బౌద్ధ స్తూపం వెలిసింది. 1882లో జేమ్స్ బర్జెస్ ఆ స్తూపాన్ని పరిశోధించి, అందులోని శిల్పాలను లోకానికి తెలియజేశాడు.

ఆ శిల్పాల్లో ఒకటి ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. అందులో ఒక చక్రవర్తి చేయి పైకెత్తి నిలిచి ఉంటాడు. చుట్టూ చక్రం, గజం, అశ్వం, మణి మొదలైన రాజచిహ్నాలు ఉంటాయి. పైన మేఘం నుండి చతురస్రాకారపు నాణేలు వానగా కురుస్తూ ఉంటాయి. ఈ చక్రవర్తిని పండితులు మాంధాతగా గుర్తించారు. జాతక కథలో మాంధాత చప్పట్లు కొడితే ఆకాశం నుండి రత్నాల వాన మోకాలిలోతు కురిసేది. అయినా అతనికి తృప్తి కలగలేదు. భూమిని ఏలి, దిక్పాలకుల స్వర్గాన్ని పొంది, చివరకు ఇంద్రునితో సగం రాజ్యాన్ని పంచుకున్నాడు. ఆ సగమూ చాలక ఇంద్రుణ్ణి చంపి అంతా తానే ఏలాలని తలచాడు. ఆ తలంపుతోనే అతనికి ముసలితనం ముంచుకొచ్చింది. స్వర్గం నుండి జారి భూమి మీద తన ఉద్యానవనంలో పడి మరణించాడు. కోరికకు అంతం లేదని, చాలనుకోవడం నేర్చినవాడే ధన్యుడని ఆ కథ సారాంశం.

జగ్గయ్యపేటలో చదువుకునే ఒక విద్యార్థిని ఈ కథను ఆటగా మలచదలచినదని ఊహించుకుందాం. ఆమె వద్ద ఖరీదైన కంప్యూటరు లేదు. నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు, ఒక అట్టముక్క ఉన్నాయి. అవి చాలు. ఆటల రూపకల్పనలో అనుభవం గడించినవారు సైతం మొదటి నమూనాను కాగితం మీదనే తయారుచేస్తారు. తెర మీద ఒక తప్పును దిద్దడానికి రోజులు పట్టవచ్చు. కాగితం మీద అదే తప్పును రెండు నిమిషాల్లో దిద్దుకోవచ్చు.

ఆమె మొదట ఇట్లా నియమం పెట్టినదనుకుందాం. ఆటగాడు తన వంతు వచ్చినపుడు నాలుగు గవ్వలు వేయాలి. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని చింతగింజలు తీసుకోవాలి. ఇవే నాణేలు. తరువాత అతనికి స్వేచ్ఛ ఉన్నది. మళ్లీ గవ్వలు వేయవచ్చు. లేదా ‘చాలు’ అని గింజలను తన సంచిలో భద్రపరచుకోవచ్చు. నాలుగు గవ్వలూ బోర్లా పడితే మాత్రం మాంధాత పతనమే. ఆ వంతులో కూడబెట్టిన గింజలన్నీ పోతాయి. ముందుగా యాభై గింజలు భద్రపరచుకున్నవాడు గెలిచినట్లు.

చూడడానికి ఇది చక్కని నియమమే. కాని లెక్క వేస్తే ఒక లోపం బయటపడుతుంది. గవ్వ వెల్లకిలా పడడానికి, బోర్లా పడడానికి సమానమైన అవకాశం ఉన్నదనుకుంటే నాలుగు గవ్వలు 16 విధాలుగా పడతాయి. వాటిలో నాలుగూ బోర్లా పడేది ఒక్క విధం. ఒకటి వెల్లకిలా పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, నాలుగూ పడేది 1. ఒక్కో వేతకు సగటున వచ్చే గింజలు రెండు. పోగొట్టుకునే అవకాశం మాత్రం పదహారింట ఒకటే. కనుక చేతిలో 32 గింజలు చేరేవరకు ఆగకుండా వేయడమే లాభం. అంటే ఈ ఆటలో అత్యాశపరుడే ఎక్కువసార్లు గెలుస్తాడు! మాంధాత బొమ్మను ఎంత అందంగా చిత్రించినా, అట్ట మీద ఎన్ని నీతివాక్యాలు రాసినా ప్రయోజనం లేదు. పటం ‘ఆశ చెడ్డది’ అంటుంది. నియమం ‘ఇంకా ఆశపడు’ అంటుంది. ఆడేవాడు నియమం మాటనే నమ్ముతాడు.

ఇప్పుడు ఒక్క నియమాన్ని మార్చి చూద్దాం. నాలుగూ బోర్లా పడినా, ఒక్కటే వెల్లకిలా పడినా పతనమే అనుకుందాం. అపుడు పోగొట్టుకునే అవకాశం పదహారింట అయిదుకు పెరుగుతుంది. గింజలు లభించేది రెండు, మూడు లేదా నాలుగు గవ్వలు వెల్లకిలా పడినపుడే. లెక్క వేస్తే చేతిలో అయిదు గింజలు ఉన్నంతవరకు మళ్లీ వేయడం మేలు. ఆరు చేరిన తరువాత ‘చాలు’ అనడం మేలు. గవ్వలు అవే, గింజలు అవే, అట్ట అదే. ఒక్క వాక్యం మారగానే ఆట అర్థమే తలకిందులైనది. మాంధాత కథ ఇప్పుడు ఆటగాని వేళ్లలోకి దిగినది. ‘ఇంకొక్కసారి’ అని తొందరపడినవాడు కూడబెట్టినదంతా పోగొట్టుకొని ఆ చక్రవర్తి బాధ ఏమిటో తానే తెలుసుకుంటాడు.

లెక్క ఒక్కటే సరిపోదు. రూపకర్త తన ఆటను ఇతరులచేత ఆడించి చూడాలి. ఆ సమయంలో తాను పక్కన కూర్చొని మౌనంగా గమనించాలి. ‘అట్లా కాదు, ఇట్లా ఆడు’ అని చెప్పాలనిపించిన ప్రతిచోటా నియమం స్పష్టంగా లేదని గుర్తించాలి. ఆటగాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ విసుగుచెందారో, ఎవరి వంతు కోసం ఎదురుచూస్తూ కిటికీవైపు చూశారో రాసుకోవాలి. తరువాత ఒక్కొక్క నియమాన్ని సవరించి మళ్లీ ఆడించాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏ మార్పు వల్ల ఏ ఫలితం కలిగినదో తెలియదు. మెరుగులు దిద్దిన తరువాత ఆ ఆటను తెర మీదికి తెచ్చే పని వస్తుంది. దానికి గొడో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పాఠకుని ఎంపికను బట్టి కథ మలుపు తిరిగే రచనలకు ట్వైన్ అనే ఉచిత సాధనం ఉన్నది.

ఇట్లా ఆడేవాని ఎంపికకు స్పందించి, ఆ ఎంపికను బట్టి మారే రచనలన్నింటినీ కలిపి ఇంటరాక్టివ్ మీడియా అంటారు. ఈ భావన మనకు పూర్తిగా కొత్తది కాదు. బుర్రకథలో కథకుడు వరుస పలుకగానే వంతలు తందాన అందుకుంటారు. ఒక వంత హాస్యం పలికిస్తే మరొక వంత లోకవ్యవహారం ప్రస్తావిస్తాడు. సభ నవ్విన చోట కథకుడు మరికాస్త సాగదీస్తాడు. సభ సద్దుమణిగితే దరువు మారుస్తాడు. ఎదుటివాని స్పందనను బట్టి నడకను మార్చుకొనే నేర్పు ఆ కళలో ఉన్నది. యంత్రానికి అటువంటి నేర్పును ముందుగా ఊహించి అమర్చడమే నేటి రూపకర్త పని.

విద్యార్థి దశలో రూపొందించిన చిన్న ఆటలు లోకం దృష్టిని ఆకర్షించిన సందర్భాలున్నాయి. చైనాలోని షాంఘైలో పుట్టిన జెనోవా చెన్ అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతూ 2005లో తోటి విద్యార్థులతో కలిసి ‘క్లౌడ్’ అనే ఆటను రూపొందించాడు. ఆసుపత్రి మంచం మీద పడుకొన్న బాలుడు కలలో ఆకాశంలో ఎగురుతూ మబ్బులను పోగుచేయడమే అందులోని ఆట. బాల్యంలో ఉబ్బసంతో బాధపడి ఆసుపత్రిలో గడిపిన అనుభవం అతనికి ప్రేరణ అయినది. మరుసటి సంవత్సరం తన పట్టా పరిశోధనలో భాగంగా ‘ఫ్లో’ అనే ఆటను వెలువరించాడు. ఆట కష్టంగా ఉండాలో సులభంగా ఉండాలో ఆడేవాడే నిర్ణయించుకొనే వెసులుబాటు అందులో ఉన్నది. నీటిలో మరింత లోతుకు పోవడమో, పైకి తిరిగి రావడమో అతని ఇష్టం. ఆయన సహచరులతో నెలకొల్పిన సంస్థ 2012లో వెలువరించిన ‘జర్నీ’ ప్రపంచమంతటా ప్రశంసలందుకున్నది.

2005లోనే డిజిపెన్ అనే విద్యాసంస్థలోని విద్యార్థులు ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే ఆటను తయారుచేశారు. అందులోని రాజకుమారికి గెంతడం చేతకాదు. గోడల మీద ద్వారాలను తెరుచుకొంటూ ఒకచోట ప్రవేశించి మరొకచోట వెలువడడమే ఆమెకున్న మార్గం. గెంతలేకపోవడం అనే ఆ ఒక్క లోపం నుండే ఆట యావత్తూ పుట్టుకొచ్చింది. ఆ విద్యార్థులను వాల్వ్ సంస్థ ఉద్యోగాల్లోకి తీసుకొన్నది. వారి ఆలోచనే 2007లో ‘పోర్టల్’ అనే ప్రసిద్ధమైన ఆటగా విస్తరించింది. ఛందస్సు కవికి సంకెల కాదు, నడక నేర్పే తాళం. అట్లాగే పరిమితి రూపకర్తకు అడ్డంకి కాదు, ఊహకు ఊతం.

మన దేశంలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. 2021లో కేంద్ర ప్రభుత్వం ‘టాయికథాన్’ పేరుతో భారతీయ సంస్కృతి ఆధారంగా బొమ్మలను, ఆటలను రూపొందించే పోటీని నిర్వహించింది. లక్షకు పైగా నమోదు చేసుకొన్నారు. 17 వేలకు పైగా ఆలోచనలు అందాయి. ఈ విద్యను శాస్త్రీయంగా అభ్యసించడానికి సంస్థలు కూడా ఏర్పడ్డాయి. 1961లో అహమ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైనది. అదే పేరుగల సంస్థ 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రారంభమై, 2019 నాటి చట్ట సవరణ ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల విద్యాసంస్థగా గుర్తింపు పొందినది. డిజైన్ పట్టభద్ర కోర్సుల కోసం బొంబాయి ఐఐటి నిర్వహించే యూసీడ్ ప్రవేశపరీక్షకు ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనా హాజరు కావచ్చు. గణితం తెలిసినవారు నియమాలను తూకం వేయగలరు. చరిత్ర తెలిసినవారు కథను అందించగలరు. చిత్రలేఖనం, సంగీతం, భాష తెలిసినవారికీ ఇందులో చోటున్నది.

అయితే చదువుకొనే వయసులో ఆటలేమిటని పెద్దలు సందేహించడం సహజం. ఆ సందేహాన్ని తేలికగా తీసివేయరాదు. దానికి బలమైన కారణమే ఉన్నది. మాంధాత శిల్పంలో నాణేల వాన ఒకచోట ఉన్నది. నేటి సెల్‌ఫోన్ ఆటలు అనేకం అటువంటి వాననే తెర మీద కురిపిస్తాయి. గలగలమని శబ్దం, మెరుపు, ‘మరొక్కసారి’ అనే పిలుపు. రోజూ తెరిచి చూడకపోతే సంపాదించినది పోతుందనే బెదిరింపు. ఓడినవానికి గెలుపు అంగుళం దూరంలోనే తప్పిపోయినదనే భ్రమ. ఇవి అనుకోకుండా జరిగినవి కావు. ఎవరో కూర్చొని ఆలోచించి పెట్టిన నియమాలు. ఆటను విడువలేక చదువును, నిద్రను, తనవారిని నిర్లక్ష్యం చేసే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించింది. 2022 నుండి అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో దానికి స్థానం కల్పించింది. డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ భారత పార్లమెంటు 2025లో చట్టం చేసింది. ధర్మరాజు నాటి పణం రూపు మార్చుకొని అరచేతిలోకి వచ్చిందనడానికి ఈ చట్టమే సాక్ష్యం.

చట్టం కొంతవరకే కాపాడగలదు. మిగిలినది రూపకర్త మనస్సాక్షి మీద ఆధారపడి ఉంటుంది. ఆడేవానికి ‘చాలు’ అనే అవకాశం ఇచ్చే ఆట ఒకటి. ‘చాలు’ అనే మాటనే మరపించే ఆట మరొకటి. రెండింటినీ రూపొందించడానికి కావలసిన నేర్పు ఒక్కటే. ఎటువైపు నిలవాలో నిర్ణయించుకోవడమే నిజమైన విద్య. అందుకే ఆటను ఆడడంతో సరిపెట్టుకోక, అది ఎట్లా తయారవుతుందో తెలుసుకోవడం అవసరం. వల అల్లిక తెలిసిన చేప వలలో పడదు. నియమం లోతు తెలిసిన విద్యార్థి తెర మీది నాణేల వానకు తడిసిపోడు.

జగ్గయ్యపేట స్తూపం తూర్పు ద్వారం వద్ద లభించిన ఆయక స్తంభాల మీద ఒక శాసనం ఉన్నది. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని పాలనలో 20వ సంవత్సరాన, అంటే క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో, వెలగిరిలోని మహాచైత్యానికి ఆ స్తంభాలను సమర్పించినట్లు అది తెలుపుతున్నది. సమర్పించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. సిద్ధార్థుడనే శిల్పి. పని చేసిన చేతికి కూడా చరిత్రలో చోటు దక్కిన అరుదైన సందర్భమది. పదిహేడు శతాబ్దాలు గడిచినా ఆ మెట్టనేల మీద వానలు కురుస్తున్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ పిల్లల్లో ఒకరు రేపు నాలుగు గవ్వలతో మొదలుపెట్టి లోకం ఆడే ఆటను రూపొందించవచ్చు. ఆ ఆట ఆడినవారికి చివరకు ఏమి మిగులుతుందనే ప్రశ్నను మొదటి రోజునే వేసుకొన్నవాడు శిల్పి అవుతాడు. వేసుకోనివాడు కేవలం వ్యాపారిగా మిగిలిపోతాడు.

కఠిన పదాలకు అర్థాలు

రూపకర్త = ఒక వస్తువుకు గాని రచనకు గాని రూపమిచ్చేవాడు
పణం = పందెంగా ఒడ్డినది
సోపానం = మెట్టు
వేత = గవ్వలను ఒకసారి వేయడం
వంత = బుర్రకథలో ప్రధాన కథకునికి తోడుగా పాడేవాడు
ఆయక స్తంభం = బౌద్ధ స్తూపంలో ద్వారాల వద్ద వేదిక మీద నిలిపే స్తంభం
చైత్యం = బౌద్ధుల ఆరాధనా కట్టడం, స్తూపం
ఊతం = ఆధారం, ఆసరా
రుగ్మత = వ్యాధి

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆటలో నీతి చిత్రంలో గాక నియమంలో ఉంటుందని పాఠ్యభాగం ఎట్లా నిరూపించింది?
2. మాంధాత కథను ఆటగా మలచే క్రమాన్ని వివరించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పులి-మేక ఆట అందించే సందేశం ఏమిటి?
2. జగ్గయ్యపేట మాంధాత శిల్పాన్ని వర్ణించండి.
3. పరిమితి ఊహకు ఊతమనడానికి పాఠంలోని ఉదాహరణను పేర్కొనండి.
4. సెల్‌ఫోన్ ఆటల విషయంలో రూపకర్త బాధ్యత ఏమిటి?

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. వైకుంఠపాళికి గల మరొక పేరేమిటి?
2. జగ్గయ్యపేటకు పూర్వనామం ఏది?
3. ‘క్లౌడ్’ ఆటను రూపొందించిన విద్యార్థి ఎవరు?
4. ఆయక స్తంభాలను సమర్పించిన శిల్పి పేరేమిటి?

ఈ. సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
స్వేచ్ఛ = స్వ + ఇచ్ఛ – గుణసంధి
అత్యాశ = అతి + ఆశ – యణాదేశ సంధి

ఉ. సమాసాలు
నాణేల వాన – నాణేల యొక్క వాన – షష్ఠీ తత్పురుష సమాసం
గుణదోషాలు – గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం
నాలుగు గవ్వలు – నాలుగు సంఖ్య గల గవ్వలు – ద్విగు సమాసం

ఊ. భాషాకృత్యం
మీ ఊరిలో పెద్దలు ఆడిన ఒక ఆటను గురించి వారిని అడిగి తెలుసుకొని, దాని నియమాలను పది వాక్యాల్లో రాయండి. అందులో ఒక్క నియమాన్ని మార్చి మీ మిత్రులతో ఆడి, ఆట అర్థంలో కలిగిన మార్పును వివరించండి.